పక్కన పెట్టిన ఐదు శాతం

ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పడితే చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్ని కొలిచి ప్రోటీన్ రూపం కడతారు. మనిషి తనకు కావలసిందే చూస్తాడు గనుక, కొలతల్లో నూటికి ఐదు ముందే పక్కన పెట్టేసి, కట్టేటప్పుడు వాటి మొహం చూడరు. చివర్లో వాటినే సాక్షులుగా పిలుస్తారు. కట్టింది అబద్ధమైతే అవి ఒప్పుకోవు. చెల్లికి ఈ నియమం నేర్పింది అక్కే, తన పెళ్ళికి ముందు, చెల్లి పనిచేస్తున్న ల్యాబులోనే.

ఇప్పుడా ల్యాబుకి అధిపతి బావే, అక్క మొగుడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరో చేసిన పనిని సభల్లో చెప్పుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. కొత్త మందు అణువు ప్రోటీన్ గుంటలో చక్కగా కూర్చుందని సైన్సు పత్రికకి పేపర్ పంపబోతున్నాడు. కొలతలు తీసింది చెల్లి గనుక మొదటి పేరు ఆమెది. ఆరేళ్ళ చాకిరీకి దక్కిన ఒకే ఒక్క ఫలం.

సంతకం పెట్టే ముందు ఫైలు తెరిచి చూస్తే, సాక్షుల్ని కూడా కట్టడంలో వాడేసి ఉన్నారు. వాటిని వేరు చేసి మొదటినుంచీ కట్టింది. మందు లేదు. గుంటలో ఉన్నవి ఉత్త నీళ్ళు.

ఫైలు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అక్క బల్ల మీద బట్టలు మడతపెడుతోంది.

“బావ మోసం చేశాడక్కా.”

“మీ బావకి అంత పనెక్కడ వచ్చే?” అంది అక్క, దుప్పటి మడత ఆపకుండా. “కలిపింది నేనే. పదేళ్ళుగా ఆయన లెక్కలూ రాతలూ అన్నీ ఈ బల్ల మీదేగా చేస్తున్నా.”

కంచే చేను మేసిందని తెలిసి చెల్లికి ఒళ్ళు మండిపోయింది.

“నాకు నేర్పింది నువ్వే కదా. ఎలా చేయబుద్ధేసింది?”

“ఈ పేపర్ రాకపోతే ల్యాబు మూసేస్తారు. నీ పేరు ముందు వేయించింది కూడా నేనే. నోరు మూసుకుని సంతకం పెట్టు.”

“బయటపడితే?”

“పడితే నాకేంటి? మంచి పనికి ఎక్కడా నా పేరు లేదు. చెడ్డ పనికి మాత్రం ఎందుకుంటుంది?”

చెల్లికి అక్క మీద జాలేసింది, అసహ్యమూ వేసింది. సంతకం పెట్టలేదు. నీళ్ళ సంగతి సంస్థ పెద్దలకి రాసింది.

వారం తిరిగేసరికి బావ సంజాయిషీ నకలు చేతికి వచ్చింది. “ప్రయోగంలో దోషం కొలతలు తీసిన వ్యక్తి అజాగ్రత్త వల్ల జరిగింది. ఆమెను తొలగించాం.” రెండే వాక్యాలు, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

బావకి నాలుగు ముక్కలు కూర్చి రాయడం ఎప్పుడూ రాలేదు. ఉద్యోగం పోయినందుకు రాని ఏడుపు చెల్లికి అప్పుడొచ్చింది.