ఎడమ చెవి వెనక కొలువు

నేను ఒక బుల్లి మైకును. ఏదో దూరదేశపు కర్మాగారంలో పుట్టాను. నూకరత్నం ఎడమ చెవి వెనక నా కొలువు. తమాషా ఏమిటంటే, ఆ చెవికి నేను ఒక్క ముక్క కూడా వినిపించను. ఏడాది కిందట గవదబిళ్ళలు వచ్చి అది పూర్తిగా పోయింది. నేను విన్నదంతా కుడి చెవి మీదున్న నా జంటకు అందిస్తాను, అది ఆమెకు చెబుతుంది.

నూకరత్నం బుర్రకథ చెబుతుంది. కుడిపక్క వంత చెల్లెలు భూలక్ష్మి, ఎడమపక్క వంత మొగుడు సత్తిరాజు. ఏడాదిగా మొగుడి వంత అందక కథ తడబడుతోంది. "ఈ జాతరతో తంబురా దించేత్తాను" అని తేల్చేసింది. వాళ్ళిద్దరూ బతిమాలి రాజమండ్రిలో చెవుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కొచ్చారు.

పోయిన చెవికి మామూలు మిషను పెట్టి లాభం లేదంది డాక్టరమ్మ. ఎముక గుండా శబ్దం పంపే తలపట్టీని, మా జంటను బల్ల మీద పెట్టింది. తలుపులేసిన గదిలో అందరం బాగానే పనిచేశాం. నూకరత్నానికి అది ఆనలేదు.

"ఇంత నిశ్శబ్దంలో కథెవరు చెప్తారండీ? ఇదిగో, మీరిద్దరూ గుమ్మెటలు తియ్యండి!" అంది.

చెవి పరీక్షకు గుమ్మెటలతో వచ్చిన మనుషుల్ని అప్పుడే చూశాను! వరండాలో రోగులంతా మూగారు. తలపట్టీ రెండో గంతుకే ముక్కు మీదికి జారింది. తర్వాత నా వంతు. ఆ మోతలో సత్తిరాజు అలవాటుగా గొణిగాడు.

"ఎంతసేపు లాగుతావే, ఆకలేత్తంది."

నేను ఊరుకుంటానా? చేరవేశాను. ఆమె రాగం తెగకుండా అందుకుంది.

"ఆలి కథలో ఉంటే అయ్యగారికి ఆకలంటా!"

"తందాన తాన!" అంది భూలక్ష్మి. వరండా అంతా పకపకలు. సత్తిరాజు చెయ్యి మాత్రం గుమ్మెట మీదే ఆగిపోయింది. ఏడాదిగా ఆ పక్కన నిలబడి ఏమేం గొణిగాడో గుర్తు తెచ్చుకుంటున్నాడు పాపం. మమ్మల్నే తీసుకున్నారు.

మాట ఏ పక్కనుంచి వచ్చిందో నేను చెప్పలేను, అది నాకు చేతకాదు. కానీ మొగుడి గొంతు ఆమెకు తెలియదా? జాతరలో కథ ముగిసి చప్పట్లు మోగుతుంటే అతను మళ్ళీ గొణిగాడు.

"అదరగొట్టేసేవే రత్నం."

ఆమె గిరుక్కున తిరిగింది. "ఏడాదై ఒక్క మంచిమాటన్నావు కాదు, ఇయ్యాల ఏటి కొత్తగా?"

"కొత్తేటే? కథయిన ప్రెతిసారీ అంటానే ఉన్నాను."

నాకే ఒళ్ళు పులకరించింది. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయితే అవన్నీ మళ్ళీ అను," అంది. దించేస్తానన్న తంబురా భుజం మీదే ఉంది.