మొరం మిట్ట ద్రాక్ష

ఎవరికి అన్యాయం జరిగింది? లాజరుకు. ఎట్లా జరిగింది? అతడు చేయని కల్తీని అతని మీద మోపి, క్రీస్తు పేర రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానీయలేదు. సంస్కారపు గిన్నె పెదవికి తగలకుండానే అతడు కన్నుమూశాడు.

మెదక్ పట్టణం అంచున మొరం మిట్ట మీద లాజరు నల్లద్రాక్ష పందిరి వేశాడు. గడ్డపార దిగని నేల అది. వాన పడితే నీరు నిలవదు. ఎండ కాస్తే రాయి పొద్దుపోయేదాకా చల్లారదు. అక్కడి కాయ చిన్నది, తోలు మందం. తోలుతో సహా పిసికి జాడీలో ఊరవేస్తే దిగే రసం చిక్కటి ఎరుపు. నాలుకను పట్టి లాగే ఒగరు. ఏటా ఆ రసాన్నే వీధి చివరి చిన్న క్రైస్తవ గుడికి, బల్ల మీది గిన్నె కోసం ఇచ్చేవాడు.

వానలు లేని ఒక ఏడు ఆ ఒగరు మరీ ముదిరింది. సంఘ పెద్ద దావీదు ఒక గుక్క తాగి గిన్నె దించి, బల్ల ముందరి మెట్టు మీద నిలబడి, లాజరు సారా కాచేవాళ్లలాగా రసంలో తుమ్మచెక్క వేశాడని అందరి ముందు అన్నాడు.

"తుమ్మచెక్క రుచి నీకెట్ల ఎర్కయింది పెద్దమనిషీ?" అని వెనక వరుసలో ఐలమ్మ గొణిగితే నలుగురు నవ్వారు. నవ్వు ఆగింది, నింద ఆగలేదు.

దావీదుకు మంజీర ఒడ్డున రేగడి చేనుంది. లాజరే ఒకప్పుడు చేతికిచ్చిన కొమ్మలతో అతడక్కడ పందిరి వేశాడు. కడుపు నిండా నీళ్లు తాగిన ఆ తీగ విరగకాసింది. రసం పలుచన, తీపి. ఆ తీపే లాజరు మీద సాక్ష్యమైంది. ఒక్క తీగకు రెండు రుచులెట్లా వస్తాయని సంఘమంతా అడిగింది.

లాజరు పోయాక అతని భార్య ఎలిశిబా ఆదివారం తప్పకుండా గుడికి వెళ్లేది. గిన్నె తిరిగే వేళ మాత్రం కూర్చున్న చోటు నుంచి లేచేది కాదు. మగనికి అందనిది తనకెందుకు?

ఒక వానాకాలం మంజీర పొంగి దావీదు పందిరిని ఊడ్చుకుపోయింది. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు ఇంకా మొదలవకముందే అతడు మిట్ట ఎక్కి వచ్చాడు.

"వదినా, ఈస్టర్ బల్లకు రసం లేదు. నీ పందిరి కాసింది గద."

"కాసింది. తెంపుకో. నేను ముట్ట. నీ చేతులతోనే పిసుకు, నీ ఇంట్లనే జాడీ పెట్టు, తాళం గూడ నువ్వే ఏసుకో. తుమ్మచెట్టు దిక్కు మాత్రం పోకు."

దావీదు గుత్తులు తెంపుకున్నాడు.

ఈస్టర్ ముందటి శనివారం మళ్లీ వచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. చేతిలో చిన్న సీసా.

"నేనే పిసికిన, నేనే వడగట్టిన. గదే ఒగరు, వదినా." సీసా ముందుకు చాపాడు. "లాజరన్న ఏం కలపలె. గీ మిట్టనే గట్లిస్తది."

ఏళ్ల తరబడి ఆ మాట కోసమే బతికిన ఎలిశిబాకు, అది చెవిన పడ్డాక సంతోషం కలగలేదు. మంచం పట్టిన లాజరు అడిగింది ఆ గిన్నె ఒక్కటే. అప్పుడెవరూ మిట్ట ఎక్కలేదు.

"నా వాకిట్ల చెప్పిన మాట నా వాకిట్లనే ఉంటది, దావీదూ. ఏడ అన్నవో ఆడ చెప్పు."

మరునాడు దావీదు అదే మెట్టు మీద నిలబడ్డాడు.

"లాజరన్న ఏం కలపలె. ఆ రుచి నేలది, తప్పు నాది. ఆయనను బల్లకు దూరం చేసింది నేను. ఆయన గిన్నె ముందుగాల ఆయన మనిషికి పోవాలె. ఆమె ఇయ్యమనేదాక నేను ముట్ట."

పాస్టరయ్య గిన్నెను వెనక వరుసకు తెచ్చాడు. ఎలిశిబా తాగింది. ఒగరు నాలుకను పట్టి లాగింది. ఎన్నడో తొలి కాపు రసాన్ని లాజరు ఆమె దోసిట్లో పోసి, ఆమె మొహం చిట్లించుకుంటే నవ్వాడు. పక్కన అతడు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆమె కళ్లు తుడుచుకోలేదు. గిన్నె అంచు తుడిచి, రెండు చేతులా తిరిగి ఇచ్చింది.

"లాజరుకు రావాల్సిన బాకీ తీరింది, అయ్యగారూ. ఇగ దావీదుకు ఇయ్యుండ్రి."