చేబదులు కడుపు

కోడలు బస్సు నడుపుతుంది. ఆరో నెల వచ్చేసరికి పొట్ట స్టీరింగుకి తగలడం మొదలైంది. అందుకని పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, కాస్త పట్టుకోండి" అనేది. అత్తగారు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కడుపు అందుకునేది. సాయంత్రం తిరిగి ఇచ్చేసేది. కొడుకు అడిగినా వాడికి మాత్రం ఇచ్చేది కాదు. "వీడి చేతిలో గొడుగే నిలవదు, బిడ్డ నిలుస్తుందా!" అనేది. పక్కింటావిడ, "నెలలు ఒకరికి, ఆయాసం ఒకరికీనా?" అని వేళాకోళం చేసేది.

స్కానింగు రోజున కోడలికి సెలవు దొరకలేదు. కడుపు తన దగ్గరే ఉంది కదా అని అత్తగారే వెళ్లింది. నెరిసిన జుట్టుతో బల్లమీద పడుకుంటే డాక్టరమ్మ చల్లటి జెల్ రాసి, తెర వంక చూసి, మళ్లీ చూసి, "తల్లి ఎవరండీ?" అంది.

"నా కోడలు, బస్సు నడుపుతుంది. మోస్తున్నది నేనే కదమ్మా, నాకు చెప్పండి."

"బిడ్డ మెదడు రెండు భాగాలుగా విడిపోవాలి, విడిపోలేదండీ. పుట్టినా ఎంతోసేపు బతకదు. ఉంచుకోవాలా వద్దా అన్నది తల్లే చెప్పాలి. త్వరగా తీసుకురండి."

ఆ సాయంత్రం కోడలు చేతులు చాస్తే, "అలిసిపోయి వచ్చావు, ఇవాళ్టికి నా దగ్గరే ఉండనీ" అంది అత్తగారు. మర్నాడు ఇంకో వంక. ఆ పైన ఇంకోటి. తన కడుపున పుట్టి పోతే ఆ ఏడుపు తనదవుతుందనీ, కోడలు పిల్ల తప్పించుకుంటుందనీ పెద్దావిడ ఆశ. ప్రేమే, కాదనను. కానీ ఎంత మోసం చూడండి!

ఓరోజు కోడలు యూనిఫాం కూడా విప్పకుండా ఎదురుగా వచ్చి నిలబడింది.

"డాక్టరమ్మ నా బస్సెక్కింది. ఏం నిర్ణయించుకున్నావమ్మా అని అడిగింది."

అత్తగారు రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది. "నువ్వు తట్టుకోలేవే తల్లీ. నేను పడతాను."

"నా బిడ్డ, నా ఏడుపు. ఉన్నన్నాళ్లూ నేనే మోసుకుంటాను. ఇటివ్వండి."

ఇచ్చేసింది. కోడలు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఆ కడుపు మరి ఎవరి చేతికీ ఇవ్వలేదు. పడుకుని తన రూటులో స్టాపులన్నీ పొట్టకి వరసగా చెప్పేది. అత్తగారితో మాత్రం మాటలు మానేసింది.

పాప పుట్టింది. తల్లి గుండెల మీద కాసేపు ఊపిరి తీసుకుంది. అంతే.

ఇంటికొచ్చాక కోడలికి పాలు పడ్డాయి. తాగేవాళ్లు లేని పాలు. ఏడుస్తూ తువ్వాలు కోసం వంటింట్లోకి వెళ్తే, అత్తగారు గోడవైపు తిరిగి, తడిసిన పైటని రెండు చేతులా గుండెలకి అదుముకుని నిలబడి ఉంది.

కోడలు ఆ తడి వంక చూసింది.

"మీకూ సలుపుతోందా అత్తయ్యా?" అంది.