తల ఎత్తకుండా వినాల్సిన పాటలు

కొత్తవాళ్లకు సంగీతం పరిచయం చెయ్యడమంటే తమ్ముడికి తగని సరదా. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఆ దిద్దే బుద్ధి పాటల దగ్గరా పోలేదు. పాటలంటే ఇష్టమని ఎవరైనా నోరు జారారా, ఇక అయిపోయారన్నమాటే! మర్నాటికల్లా ఒక జాజ్ ఆల్బం చేతిలో పెట్టి అరగంట ఉపన్యాసం దంచేవాడు. బాలేదన్నవాళ్లకు "మళ్లీ వినండి, మీరు సరిగ్గా వినలేదు" అని జవాబు. ప్రెస్సులో సగంమంది అతను ఎదురొస్తే పక్క గదిలోకి తప్పుకునేవారంటే అర్థం చేసుకోండి.

అలాంటివాడికి ఒకరోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ దగ్గరున్న పాటలేవో తెచ్చి మీ బావని కదలకుండా పడుకోబెట్టరా. నావల్ల కావట్లేదు." అంటూనే ఏడ్చేసింది.

బావ సిటీ బస్సు డ్రైవరు. కంటి లోపలి పొర ఊడిపోతే ఆపరేషన్ చేసి అతికించారు. పొరను నొక్కిపట్టడానికి లోపల ఒక గాలిబుడగ పెట్టారు. ఆ బుడగ ఉన్నచోటే ఉండాలంటే రెండు వారాలు ముఖం నేలవైపే ఉండాలి. తల ఎత్తితే బుడగ జరుగుతుంది, బుడగ జరిగితే కన్ను పోతుంది, కన్నుతో పాటు స్టీరింగూ పోతుంది. డాక్టరమ్మ ఇంత విడమర్చి చెప్పినా బావ వింటే కదా! అసలే కాలుగాలిన పిల్లి. కాలింగ్ బెల్ మోగితే తల ఎత్తుతాడు. వీధిలో హారన్ వినపడితే "వీడికి లైసెన్సు ఇచ్చిందెవడ్రా" అంటూ తల ఎత్తుతాడు. పోనీ పాటలంటే ఇష్టమా అంటే అదీ లేదు. బస్సులో ఎవరైనా ఫోన్లో పాట పెడితే వాళ్ల మీద ఒంటికాలి మీద లేచే రకం.

తమ్ముడు స్పీకరు, సంచీ నిండా సీడీలు పట్టుకుని వెళ్లాడు. బావ మంచం మీద బోర్లా పడుకుని, మధ్యలో ఖాళీ ఉన్న దిండులో ముఖం పెట్టి, మంచం అంచు నుంచి నేలను చూస్తున్నాడు.

"ఏరా బామ్మర్దీ, నన్ను కూడా దిద్దడానికొచ్చావా?"

"నువ్వు మామూలు పాటలు వినక్కర్లేదు బావా. మొదటే అసలైనది వినాలి," అని తమ్ముడు తనకు ప్రాణమైన జాజ్ ఆల్బం తీశాడు. నలుగురు వాయిద్యగాళ్లు, ఎవడి దారి వాడిదే. అందులో ఎవరు ఎప్పుడు ఎవరికి జవాబు చెబుతారో వివరించి మరీ పెట్టాడు.

శాక్సఫోన్ ఒక్క కేక పెట్టేసరికి బావ గభాలున లేచి కూర్చున్నాడు.

"ఆపరా బాబూ! ముందు వాణ్ణి ఏ ఆస్పత్రికైనా తీసుకెళ్లండి!"

"ఏమండీ, తల!" అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆయన మెడ పట్టుకుని వంచింది. తమ్ముడు గబుక్కున పాట ఆపేశాడు. తన గొప్పకు పోయి మనిషి కన్ను పోగొట్టబోయాడు.

మర్నాడు బుద్ధిగా ఒక పాప్ ఆల్బం తెచ్చాడు. తనకు చిన్నచూపే అయినా మెత్తటి గొంతు, మెత్తటి పాటలు. బావ రెండో పాటకే గుర్రు పెట్టాడు. హమ్మయ్య అనుకునేలోపు నిద్రలో పక్కకు దొర్లబోయాడు. ఇద్దరూ చెరో భుజం పట్టి ఆపారు. విసుగొస్తే లేస్తాడు, హాయిగా ఉంటే దొర్లుతాడు. మనిషి మేలుకుని ఉండాలి, కదలకుండా ఉండాలి. అలాంటి ఆల్బం ఏ పుస్తకంలో రాసిపెట్టి ఉంది?

మూడోరోజు తెచ్చింది కూడా జాజే గానీ, అందులో పియానో పాడినట్టుగా నడుస్తుంది. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"దీని ప్రత్యేకత ఏమిటంటే బావా..."

"నువ్వు నోరు మూసుకుంటానంటే వింటాను."

అవమానంగా అనిపించింది. అయినా బావ తల ఎత్తకుండా చూడాలి కాబట్టి ఆయన ముఖం కనపడేలా కింద చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. పైనుంచి బావ కట్టు లేని ఒంటికన్ను అతన్ని చూస్తోంది. ఒకరినొకరు చూసుకుంటూ ఆల్బం మొత్తం విన్నారు.

"ఆ పియానో వాడు ఏదో అనబోయి మింగేస్తున్నాడ్రా," అన్నాడు బావ. "మీ అక్క అలిగినప్పుడు అచ్చం ఇంతే."

"నేనెప్పుడు అలిగాను?" అంది అక్క గుమ్మంలోంచి.

అలా కాదు, అది ఫలానా పద్ధతి అని దిద్దబోయిన తమ్ముడు ఆగిపోయాడు. ఏళ్లుగా వింటున్న ఆల్బంలో ఆ మింగెయ్యడం తనకెప్పుడూ వినపడలేదు. ఇన్నేళ్లలో ఎవరికి ఇచ్చినా చెప్పి వచ్చేశాడే తప్ప, వాళ్లకు ఏం వినపడిందని ఒక్కరినీ అడగలేదు.

ఆ రోజు నుంచి సెలవు పెట్టి మరీ వచ్చాడు. జాజ్ ఒక పూట, పాప్ ఒక పూట. బావకు తిట్టడం సరదా అయింది. బాగా తిట్టాలంటే బాగా వినాలి, బాగా వినాలంటే కదలకూడదు. డ్రమ్ము వాయించేవాడికి కోపమెక్కువన్నాడు. పాప్ గాయనిని, "అన్నం తిని పాడమనరా ఆ పిల్లని," అన్నాడు. తర్వాత ఏం తేవాలో ఆయన తిట్లను బట్టే తెలిసేది. వీధిలో హారన్లు మోగుతూనే ఉన్నాయి. తల మాత్రం లేవలేదు. అక్క చాలాకాలానికి కడుపునిండా తింది.

రెండు వారాలయ్యాక డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి నవ్వింది. "పొర చక్కగా అతుక్కుంది. ఇంత బుద్ధిమంతుడైన పేషెంటుని చూడలేదు." అక్క కొంగుతో కళ్లొత్తుకుంది. డాక్టరమ్మ కాగితాల మీదికి తల వంచి నెమ్మదిగా అంది. "కన్ను దక్కింది. కానీ చూపు మునుపటిలా రాదు. బస్సు నడపడం మాత్రం ఇక కుదరదు."

ఇంటికి రాగానే బావ, అవసరం లేకపోయినా, మళ్లీ మంచం మీద బోర్లా పడుకుని దిండులో ముఖం పెట్టుకున్నాడు. వీపు ఎగసి ఎగసి పడుతోంది. అక్క ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

తమ్ముడు సంచీ తెరిచాడు. వానకు ఇది, ఒంటరితనానికి ఇది, దుఃఖానికి ఇది అని ఎంతమందికి చెప్పాడో! ఇప్పుడు ఒక్కొక్కటే తీసి చూసి మళ్లీ లోపల పెట్టేస్తున్నాడు. ఏది పెట్టినా అబద్ధమే అనిపించింది.

"బావా, ఏం పెట్టాలో నాకు తెలియట్లేదు."

"ఏదో ఒకటి పెట్టరా." దిండులోంచి గొంతు బొంగురుగా వచ్చింది. "పెట్టేసి వెళ్లిపోకు."

చేతికి అందింది పెట్టాడు. పాప్ ఆల్బమో జాజ్ ఆల్బమో కూడా చూడలేదు. మొదటి పాట అయిపోయింది.

"ఇదేం పాట్రా," అన్నాడు బావ.

"బాలేదా?"

"బాగానే ఉంది. కూర్చో."