మూత తీయకూడని డబ్బా

కోడలు జెర్రిని డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చిందని తెలియగానే అత్తగారు కాళ్లు రెండూ మంచం మీదికి లాక్కుంది.

"పరిశోధనలేవో ఆఫీసులో చేసుకోవాలి గానీ, కొంపకు తేవడమేంటమ్మాయ్!"

"ల్యాబులో చెదల మందు కొడుతున్నారత్తయ్యా. అక్కడుంటే చచ్చిపోతుంది. ఇది మనల్నేం చేయదు, మట్టి దాటి రాదు. పాపం, కళ్లు కూడా లేవు."

కళ్లు లేవనగానే అత్తగారి కాళ్లు కిందికి దిగాయి. ఆవిడ కోపం ఎప్పుడూ అంతే, పాలపొంగు.

కోడలికి మాత్రం ప్రాణాలు ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఈ జాతి జెర్రి ఆమెకు ఒక్క చోటే దొరికింది, ల్యాబు వెనక ఖాళీ స్థలంలో. అక్కడ కొత్త భవనానికంటూ తవ్వి కాంక్రీటు పోసేశారు. ఇక మిగిలింది ఈ తల్లి ఒక్కటే. పసుపు పోగులాంటి ఒంటిని గుడ్ల చుట్టూ చుట్టుకుని, తిండీ తిప్పలూ మాని పడుకుంది.

"మూత మాత్రం తీయకండి" అని చెప్పింది కోడలు. ఎందుకో చెప్పలేదు. బెదిరితే తన గుడ్లను తనే తినేస్తుందంటే అత్తగారు ఛీఛీ అంటుందని, ఆ ముక్క మింగేసింది.

మర్నాడు సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది, మొహం వెలిగిపోతూ.

"నీ బాలింత ఎండిపోతోందమ్మాయ్! మట్టంతా పొడిబారింది. కళ్లులేనిది నీళ్లెక్కడ వెతుక్కుంటుంది? మూత తీసి చెంచాతో చుట్టూ పోశాను. ఎలా కదిలిందనుకున్నావ్!"

కోడలు చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తింది. జెర్రి బెదరకుండా ఎర్ర వెలుగు టార్చి వేసి చూసింది. చుట్ట విడిపోయి ఉంది. తల్లి తింటోంది, తాపీగా, ఒక్కో గుడ్డే.

గుడ్లను లాగేసుకోవచ్చు. కానీ తల్లి నాకి శుభ్రం చేయకపోతే వాటికి బూజు పడుతుంది. ఇన్నేళ్ల చదువూ ఆమెకు చెప్పింది అదొక్కటే, చేయడానికేమీ లేదని. ఏడుపొచ్చింది. అత్తగారిని తిడదామంటే, మూత ఎందుకు తీయకూడదో చెప్పనిది తనే.

వంటింట్లోంచి అడిగింది అత్తగారు: "పిల్లలెప్పుడు బయటికొస్తాయే? నాకూ చూడాలనుంది."

"ఇంకా టైముంది అత్తయ్యా."

"అయితే రేపు కూడా కాసిని నీళ్లు పొయ్యనా?"

కోడలు టార్చి ఆర్పింది.

"పొయ్యండి" అంది.