అత్తా, మోటారూ!

కింది వాటాకి వేసిన తాళం నాలుగు నెలల్లో తుప్పు పట్టింది. దాన్లో రెండు చుక్కల నూనె వేయడానికి మెట్లు దిగిన ప్రతిసారీ, ఇదే నూనె నా మోకాళ్ళకీ పనికొస్తే ఎంత బాగుండు అనుకునేది టైలరత్త.

వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ టైలరత్తే. భర్త పోయాక పై వాటాలో తనూ, కుట్టుమిషనూ మిగిలారు. మిషనుకింకా ఓపిక ఉంది, ఆవిడకే లేదు. సూదిలో దారం ఎక్కించాలంటే మూడుసార్లు ఎంగిలి చేసి, నాలుగోసారి తిట్టాలి. కళ్ళకి విశ్రాంతివ్వకపోతే ఉన్న చూపూ పోతుందని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. అటు చూస్తే స్కూలు యూనిఫాంల కాంట్రాక్టరు, "ఒకటో తారీకులోగా ఏదో ఒకటి చెప్పమ్మా. నువ్వు కాదంటే ఇంకొకళ్ళకిచ్చుకుంటా" అని కూర్చున్నాడు. కింద అద్దె వస్తే కాదనొచ్చు. రాకపోతే ఇంకో ఏడాది ఆ నీలం చొక్కాల మీద వంగాలి. ఒకటో తారీకుకి ఇంకా ఇరవై రోజులుంది.

తమ్ముడు బాత్రూం సామాన్ల షాపులో సేల్స్‌మన్. సెలవురోజున వచ్చి, కింద గదులన్నీ తిరిగి పెదవి విరిచాడు.

"ఇలా ఉంటే ఎవరొస్తారక్కా? గోడలు చూడు, జబ్బు మనిషి మొహంలా ఉన్నాయి."

"నా మొహమూ అలాగే ఉందిరా. దానికీ రంగేస్తావా?"

"జోకులు తర్వాత. పెద్ద ఖర్చు అక్కర్లేదు. లేత రంగొకటి, తెల్ల బల్బులు, కారే కుళాయికి కొత్తది. బాత్రూంలో అద్దం, దాని కింద చిన్న అర. కిటికీలకి దోమల జాలీ. తలుపుల వెనక కొక్కేలు. అంతే. ఇప్పుడు జనం ఇల్లు ఫోన్లో చూస్తారు, ఫొటోలో బాగుండాలి."

మంచి మాటే. కూలి మిగులుతుందని రంగు తనే వేసింది. స్టూలెక్కి, కొంగు నడుముకి బిగించి, రోజుకి రెండు గోడల చొప్పున. సాయంత్రానికి చెయ్యి పైకి లేచేది కాదు, జుట్టు ముడివేసుకోవడానికి మెడనే చేతి దగ్గరికి వంచుకునేది. కుళాయి, అద్దం, జాలీలు తమ్ముడు బిగించాడు. ఫొటోలు తీసి నలుగురికీ పంపాడు. ఫొటోలో చూసి టైలరత్తే గుర్తుపట్టలేదు.

జనం వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ బాగుందన్నారు. బాగుందని వెళ్ళి, మళ్ళీ మొహం చూపించలేదు.

ఆరోసారి వచ్చినావిడ నర్సు. వెంట భర్త, సరుకుల వ్యాను నడుపుతాడట. ఆ అమ్మాయి రోగిని చూసినట్టే ఇంటినీ చూసింది. కుళాయి తిప్పి ధార చూసింది, కిటికీ జాలీ వేలితో నొక్కి చూసింది, అద్దంలో తన కళ్ళకింద నలుపు చూసుకుని నిట్టూర్చింది.

"బాగుందండీ. నీళ్ళ మోటారు స్విచ్చెక్కడ?"

"పైన, మా ఇంట్లో. ట్యాంకు అయిపోతే కిందనుంచి ఒక్క కేకెయ్యండి, చాలు. వేసేస్తా."

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"నాకు నైట్ డ్యూటీలుంటాయండీ. ఏ వేళకొస్తానో నాకే తెలీదు" అంది నర్సు.

"ఏ వేళైనా లేస్తానమ్మా."

"అదేనండీ" అని ఆగిపోయింది ఆ అమ్మాయి. "ఫోన్ చేస్తాం."

ఆ ఫోన్ చేస్తాం అన్న మాట ఎలా ఉంటుందో టైలరత్తకి ఈపాటికి బాగా తెలుసు.

రెండ్రోజుల తర్వాత, బొత్తాల కోసం దారాల కొట్టుకి వెళితే అక్కడ పాత అద్దెమ్మాయి కనిపించింది, చంకలో పిల్లతో. నాలుగు నెలల కింద ఖాళీ చేసింది ఈ పిల్లే. చూసీచూడనట్టు పక్కకి జరగబోతుంటే టైలరత్త చెయ్యి పట్టుకుంది.

"నేనేం కొరకనులే. ఒక్క మాట నిజం చెప్పు. ఎందుకు వెళ్ళిపోయారు? ఆఫీసు దూరమైందన్నారు, ఇప్పుడున్నది ఇంకా దూరమట కదా."

"వద్దులే అత్తా."

"చెప్పు, ఏమీ అనుకోను."

"అనుకుంటావు. సరే, విను. ఇల్లు మంచిదే, నువ్వూ మంచిదానివే. కానీ నీళ్ళడిగి అడిగి సిగ్గు చచ్చిపోయిందత్తా. ఆయన మొహానికి సబ్బు రాసుకుని కిటికీలోంచి అత్తా మోటారూ అని అరుస్తుంటే ఎదురింటాళ్ళు నవ్వేవాళ్ళు. నువ్వు వేసేదానివి, కాదన్ను. పొద్దున్నే కదమ్మా వేశాను అని ఒక ముక్క కూడా వేసేదానివి. నీళ్ళు తాగినా నువ్వు లెక్కపెడుతున్నట్టుండేది." పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "ఇదుందే, దీనికి మొట్టమొదట వచ్చిన మాట అమ్మ కాదు."

పిల్ల టైలరత్త వంక తేరిపార చూసి, గుర్తుపట్టి, నోరంతా తెరిచి "అత్తా, మోతాలూ!" అంది.

కొట్టువాడు ఫక్కున నవ్వాడు. టైలరత్త కూడా నవ్వింది. నవ్వుతూనే బొత్తాలు అక్కడ మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

వచ్చి స్విచ్చి ముందు నిలబడింది. మిషను పక్క గోడకి, చేతికందేలా ఉంది. ఇరవై ఏళ్ళ కింద ఎవరో అద్దెవాళ్ళు మోటారు వేసి సినిమాకి వెళ్ళిపోతే, అది కాలి కంపు కొట్టింది. ఆ కోపంలో భర్త స్విచ్చి పైకి మార్పించాడు. ఇక ఎవడి చేతికీ ఇవ్వను అన్నాడు. ఆయన పోయాక ఆ కాపలా ఈవిడకొచ్చింది. తెల్లవారి అయిదింటికి లేచి వేయడం, ట్యాంకు పొర్లే చప్పుడు వినేదాకా చెవి అటే పడేసి కుట్టడం. ఎన్ని కుట్లు పక్కకి పోయాయో! నేను లేకపోతే వీళ్ళకి నీళ్ళెవరిస్తారు అనుకుంది ఇన్నాళ్ళూ. వాళ్ళకోసం ఒళ్ళు హూనం చేసుకుంటున్నాననుకుంది. వాళ్ళు చూస్తే ఆ స్విచ్చికే దండంపెట్టి పారిపోతున్నారు.

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. పెద్దాయన, భర్త స్నేహితుడు. అప్పట్లో దాన్ని పైకి ఎక్కించింది ఆయనే.

"కిందకి దించాలా?" గోడ తడిమాడు. "పూట పనమ్మా. కాస్త వైరు, ఒక పెట్టె. మీ తమ్ముడు పెట్టిన అద్దం పాటి ఖర్చు కూడా కాదు."

ఆ తమ్ముడు కూడా వచ్చాడు, కబురు తెలిసి పరుగున. "పిచ్చా అక్కా నీకు? స్విచ్చి వాళ్ళ చేతిలో పెడితే ఇల్లు నీదా వాళ్ళదా? బావ ఊరికే పెట్టాడా పైన?"

"పోనీ రెండూ పెడదాం చెల్లెమ్మా" అన్నాడు ఎలక్ట్రీషియన్, గొడవ చల్లార్చడానికి. "మెట్ల లైటుకి పెట్టినట్టు. కిందొకటి, పైనొకటి. వాళ్ళు వేసినా నువ్వు ఆపొచ్చు."

తమ్ముడి మొహం వెలిగింది. "అదీ! అలా చెయ్యండి."

టైలరత్త వెనక్కి తిరిగి చూసింది. మిషను మీద సగం కుట్టిన నీలం చొక్కా ఉంది. దాని చెయ్యి వేలాడుతోంది, తన చెయ్యిలాగే.

"వద్దన్నయ్యా. నా సంగతి నాకు తెలుసు. కళ్ళెదుట ఉంటే నొక్కకుండా ఉండలేను. ఆ పిల్ల తలంటుకుంటుంటే ఇక చాల్లే అని ఆపేస్తాను. కింద ఒక్కటే పెట్టు."

"మరి నీకు నీళ్ళు కావాలంటే?" అన్నాడు తమ్ముడు.

"నేనే కేకేస్తా. నాకేం సిగ్గు, ఇంటిదాన్ని."

సాయంత్రం తనే నర్సుకి ఫోన్ చేసింది. ఇల్లు గురించి ఏం చెప్పలేదు. "అమ్మాయ్, మోటారు స్విచ్చి కిందకి దించేశాను. మీ వంటింట్లో, తలుపు పక్కన" అంది. అవతలినుంచి, "ఆదివారం సామాన్లు తెచ్చుకోవచ్చాండీ?" అని వినిపించింది.

ముప్పయ్యో తారీకున కాంట్రాక్టరుకి కాదని చెప్పేసింది. వాడేమీ బతిమాలలేదు. అందుకు మనసు కొంచెం చివుక్కుమంది.

మొదటివారం రోజూ అయిదింటికి మెలకువ వచ్చేది. చెయ్యి గోడ మీదికి వెళ్ళేది. అక్కడ పాత రంగు మధ్య పలకంత తెల్లటి గచ్చు, రెండు మేకుల కన్నాలు. ఒకరోజు ట్యాంకు పొర్లి నీళ్ళు సన్‌షేడ్ మీద పడుతుంటే, దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకుంది, అరవకుండా. చాలాసేపటికి కింద టక్కుమని చప్పుడైంది. నీళ్ళాగాయి.

ఆ తర్వాత మంగళవారం, పదకొండింటికి దుప్పట్లకి సబ్బు పెడుతుంటే కుళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. సబ్బు చేతులతోనే లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, కిందకి వంగి నోరు తెరిచింది. కింది కిటికీకి తెర వేసి ఉంది. ఆ అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి ఎనిమిదింటికి వచ్చింది. ఆ మెట్ల దగ్గర నిలబడి చెప్పులు విప్పుకోవడానికి కూడా ఓపిక లేనట్టు విప్పుకోవడం తనే చూసింది.

నోరు మూసుకుంది. ఎదురింటావిడ మేడ మీద బట్టలారేస్తూ, "ఏం టైలరత్తా, అలా నిలబడ్డావు?" అని అడిగింది.

"నీళ్ళు లేవు."

"మోటారు వెయ్యవూ?"

"ఆ పిల్ల లేచాక వేస్తుంది."

తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. కుట్టడానికి చొక్కా లేదు, చెవి పెట్టి వినాల్సిన ట్యాంకు లేదు. పట్టపగలు అలా ఖాళీగా కూర్చుని ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. చేతుల మీద సబ్బు నెమ్మదిగా ఆరి, చర్మం బిగిసింది. గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుంది.