వెయ్యిన్ని తొమ్మిది దీపాలు

మహబూబ్‌నగర్ దవాఖానలో తన కడుపులోని గడ్డ తీసిన రోజున, నా భార్య గోవిందమ్మ కార్తీక పున్నమికి శివుని ముందు వెయ్యిన్నొక్క దీపాలు పెడతానని మొక్కుకుంది. తీరా చేతిలో నీళ్లు పోసుకుని సంకల్పం చెప్పేటప్పుడు ఆమె మనసు ఆగలేదు. ఇంట్లో ఎనిమిది మందిమి. తలా ఒకటి కలిపి వెయ్యిన్ని తొమ్మిదని చెప్పేసింది.

మా ఊళ్లో మొక్కు దీపాలను సమానమైన వరుసల్లో పెడతారు. ఒక్కటి విడిగా మిగిలితే ఇంట్లో ఒకరు తగ్గుతారని భయం.

పున్నమి సాయంత్రం గుడి వాకిట్లో ప్రమిదలను వరుసకు ఏడు చొప్పున పేర్చాం. ఒకటి మిగిలింది. ఎనిమిది చొప్పున పేర్చాం. ఒకటి. తొమ్మిది చొప్పున, పన్నెండు చొప్పున... అదే ఒక్కటి.

"ఏం వదినా, శివునికే లెక్కల పరీక్ష పెట్టినవా?" అంది పక్కింటి నాగులమ్మ.

గోవిందమ్మ నవ్వలేదు. "స్వామి చెప్తనే ఉన్నడు, ఎనిమిది మందిల ఒకరు ఎక్కువని. గా ఒక్కటి నాదే. తీసేస్త."

"గవేం మాటలు? ఇంకోటి కలుపుదం," అన్నాను.

"నీళ్లిడిచి చెప్పిన లెక్క. పెంచుడు మన చేతుల లేదు. తగ్గించమన్నది స్వామే."

ఆమె ప్రమిద తీయబోతుంటే, బడిలో లెక్కలు చెప్పే మా కోడలు నిరోష చేయి పట్టుకుంది. "జర ఆగుండ్రి అత్తమ్మా." బొగ్గుముక్కతో బండ మీద ముప్పై ఒకటి దాకా ఒక్కో అంకెతో భాగహారాలు చేసి తలెత్తింది.

"గిది ప్రధాన సంఖ్య. ఒకటితోని, తనతోని తప్ప దేంతోని భాగం పోదు. ఎవ్వరు పేర్చినా గిట్లనే అయితది."

నాకు అనుమానం తీరలేదు. "ముప్పై ఒకటి కాడనే ఆపినవేంది బిడ్డా?"

"ముప్పై రెండు ముప్పై రెండ్లు వెయ్యిన్ని ఇరవై నాలుగు, మామా. మన లెక్క దాటిపాయె. వరుస అంతకన్న పెద్దగైతే వరుసలు తక్కువైతయి గద. గా తక్కువవన్నీ చూసేసిన."

"అంటే స్వామి అలగలేదా?" అంది గోవిందమ్మ.

"మీరు కోరుకున్న లెక్కనే గసొంటిది అత్తమ్మా. అలుగుడేంది?"

"ఒకటితోని పోతదంటివి," అన్నాను. "మరి ఒక్కటే వరుస పెడితే?"

నిరోష నవ్వింది. "ఏం మిగలది మామా."

శివుడు వరుసలు లెక్కపెడతాడా అన్న ప్రశ్న నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ సాయంత్రం మాత్రం దాన్ని పక్కనబెట్టి ప్రమిదలు మోశాను. గర్భగుడి మెట్టు దగ్గర మొదలైన వరుస ప్రాకారం చుట్టి, గేటు దాటి, వీధిలోకి వచ్చింది.

"గొర్లొచ్చే యాళ్ల తొవ్వల పెడ్తరా? గోడపొంటి జరుపుండ్రి!" అని కసిరిన నాగులమ్మే, గోడ వెంట జరిపాక కూర్చుని నూనె పోసింది.

అన్నీ వెలిగాక గోవిందమ్మ తన దీపం కోసం చూసింది. ఏది ఎవరిదో తెలియలేదు. చేతుల నూనె కొంగుకు తుడుచుకుంది. దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి తనంతట తానే తిండి అడిగింది.

"ఆకలైతాంది. ఇంట్ల ఏమున్నది బిడ్డా?"